రెండో సాక్షి

2025 ఫిబ్రవరి 3, సోమవారం

ఏమప్పా ఏసేపూ, ఒక్కదానికి తప్పించుకోకుండా జవాబు చెప్పు. మన తలవెంట్రుకలన్నీ దేవుని లెక్కలో ఉన్నాయని ఇన్నేళ్లుగా ఆటోలో, అరుగుల మీద, సమాధుల దొడ్డిలో, పెండ్లిపందిళ్లలో గొంతు చించుకున్నావే, మరి నీ కూతురి తల దగ్గరికి వచ్చినప్పుడు ఆ లెక్కలో ఏం పడింది?

ప్రసంగంలోనైతే ఏదో ఒకటి చెప్పి 'హల్లెలూయ' అనిపించేవాణ్ని. ఇది ప్రసంగం కాదు. విత్తనాల కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. ఇందులో చెప్పేవాడూ నేనే, వినేవాడూ నేనే. 'హల్లెలూయ' అనేవాడు లేడు.

నిన్న ఆరాధన ముగిశాక స్తుతి నందికొట్కూరు బజార్లో నడిచి వస్తుంటే బైకు మీద ముగ్గురు వెధవలు వెనక నుంచి వచ్చి దాని విగ్గు లాక్కుని పోయారు. పోతూ పోతూ "గుండూ" అని ఒక అరుపు. నేను ఆటో తిప్పేలోపు సందు తిరిగారు. బోడివాడా అని వెక్కిరించిన వాళ్ల మీదికి ఆనాడు ప్రవక్త నోటిమాటకే అడవిలోంచి రెండు ఎలుగుబంట్లు వచ్చాయి. ప్రభువా, మాకు నల్లమల ఎంతో దూరం లేదు. అందులో ఎలుగుబంట్లకు కొదవ లేదు. ఏం అడ్డమొచ్చింది?

స్తుతి ఏడవలేదు. నాకు కష్టంగా ఉన్నది అదే. పుట్టిన మూడు నెలలకు జుట్టంతా రాలిపోయి మళ్లీ ఒక్క వెంట్రుకా మొలవని ఆ తలతో బజారంతా నడిచి వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆటోలో కూర్చుని, "గాలి తగుల్తాంటే శానా హాయిగా ఉండాది నాయనా" అంది.

రేపు కర్నూలు పోయి ఇంకోటి కొనాలి.

ఫిబ్రవరి 4

కొనలేదు. తెస్తే కాలవలో పారేస్తానంది. వాళ్లమ్మ దానివైపే. నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 5

నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆరాధనకు ముందే సంఘపెద్ద దావీదురాజు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏసేపూ, ఆడబిడ్డకు తలవెంట్రుకలే ఘనమని అపొస్తలుడు రాసినాడు గదా. మీ పాప ఒట్టి నెత్తితో నిలబడి పాట ఎత్తితే ఎట్ల? అందులోనూ మనది లైవు పోతాంటాది. దేశదేశాలు చూస్తాయి."

దేశదేశాలు! కిందటి వారం మా సంఘం లైవు చూసింది పదకొండు మంది. అందులో ఇద్దరు ఇక్కడే బెంచీలో కూర్చుని ఉన్నారు.

"ఇంకో మాట. ఏమనుకోవద్దు. ఇన్నేండ్లు ప్రార్థన చేస్తే మోడు గూడా చిగురేస్తాది. నీ విశ్వాసంలో యాడో లోటు ఉండాదప్పా."

ఊరుకుంటానా? నీతిమంతుడైన యోబు ఒంటిమీద కురుపులు లేచినప్పుడు కూడా ముగ్గురు స్నేహితులు ఇట్లాగే పక్కకు పిలిచి మాట్లాడారనీ, చివరికి దేవుడు ఎవరిని తిట్టాడో ఇంటికి పోయి చదువుకోమనీ చెప్పాను. గుడి గోడలు వినేటట్టే చెప్పాను.

తర్వాత స్తుతి పాత విగ్గు పెట్టుకుని పాట ఎత్తింది. పెట్టెలో అడుగున ఉన్నది. నేనే పెట్టుకోమన్నాను. సంఘంలో గొడవ రాకూడదని, సమాధానం కోసం.

ఫిబ్రవరి 11

నా ఇంట్లో నాకు తెలియకుండా జరిగింది. స్తుతి దసరా సెలవుల్లోనే రక్తం ఇచ్చిందట. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకులు, పుట్టుకతో వెంట్రుక లేనివాళ్ల కుటుంబాల కోసం సీమ అంతా తిరుగుతున్నారట. దాని కాలేజీకి వచ్చి చెప్పారట. ప్రేమమ్మ కూడా ఇచ్చిందట! నా భార్య, నా మేనత్త కూతురు, నాతో ఒక్క మాట అనకుండా!

"రక్తంలో ప్రాణం ఉందని వాక్యం చెప్తాంటే, ఎవరికో పోసి వస్తారా?" అన్నాను.

"రెండు చెంచాలే నాయనా," అంది స్తుతి. "ప్రాణం ఇంకా శానా మిగిలుండాది."

వాళ్లమ్మ నవ్వు ఆపుకోలేక దొడ్లోకి పోయింది.

డాక్టరమ్మ నన్ను కూడా రమ్మందట. కర్నూలు అంచున కల్లూరులో ఉన్నారు. పోను. తలవెంట్రుకలు లెక్కపెట్టడం దేవుని పని. జనాన్ని లెక్కపెట్టినందుకే దావీదు రాజుకు ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ రాజుకు. మా సంఘపెద్దకు కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

పోయాను. తిట్టి వద్దామని పోయాను. దారి చూపిస్తానని స్తుతి కూడా ఆటో ఎక్కింది.

కల్లూరులో కొత్తిళ్ల మధ్య ఒక ఆస్పత్రి మేడ మీద రెండు గదులు. డాక్టరమ్మ పేరు సాహితి. చిన్నపిల్ల. ప్రొద్దుటూరు అమ్మాయి. "రాండి అయ్యగారూ, మీ కోపం గురించి మీ పాప ముందే చెప్పింది" అని కుర్చీ వేసింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు సగం అక్కడే పోయాయి.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మనిషి ఒంట్లో ప్రతి ఆజ్ఞా రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి దగ్గరిది, ఒకటి తండ్రి దగ్గరిది. ఒకదాంట్లో తప్పు పడినా ఒళ్లు రెండోది చదువుకుని పని నడుపుకుంటుంది. రెండింట్లోనూ అదే తప్పు ఉంటే, మొదటి జుట్టు రాలాక మళ్లీ మొలవమనే ఆజ్ఞ అందదు. దగ్గరి సంబంధాల్లో చేసుకుంటే ఆ రెండు తప్పులూ కలిసే వీలు ఎక్కువ.

"లేఖికుని తప్పు" అన్నాను.

"అంతే అయ్యగారూ. పాపమూ కాదు, శాపమూ కాదు. నకలు రాసేటప్పుడు చెయ్యి జారింది."

"దేవుని చెయ్యి జారదు."

"రాసింది దేవుడైతే జారదు. నకలు తీసింది కణం గదా."

నందికొట్కూరు నుంచి కల్లూరు దాకా నా ఆటో ఎక్కిన నాస్తికులందరినీ నోరు మూయించినవాణ్ని. ఆ పిల్ల దగ్గర ఓడిపోయాను. ఓడినందుకు ఎందుకో సంతోషమైంది.

అసలు చిక్కు తర్వాత చెప్పింది. ఇంతవరకు కనిపెట్టిన జన్యువుల్లో స్తుతికి తప్పు లేదు. ఇంకా ఎవరికీ తెలియని చోట ఎక్కడో ఉంది. స్తుతి ఒక్కదాని రక్తంలో వెతికితే అనుమానించాల్సిన చోట్లు లెక్కలేనన్ని. ఇదే వంశంలో దూరపు కొమ్మలో, ఇట్లాగే పుట్టుకతో వెంట్రుక లేని మనిషి ఇంకొకరు దొరికితే, ఇద్దరిలో ఉమ్మడిగా ఉన్న చిన్న ముక్క బయటపడుతుంది. అక్కడ తవ్వొచ్చు.

ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట గాని ఏ మాటా స్థిరపడదని ధర్మశాస్త్రం. ఆమె ల్యాబు కూడా అదే అడుగుతోంది.

"దొరికితే నాకు జుట్టొస్తాదా మేడం?" అని స్తుతి అడిగింది.

సాహితి రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "ఇప్పుడు రాదమ్మా. ఏ అక్షరం తప్పిందో తెలిస్తే దిద్దే పని మొదలవుతుంది. చర్మం మీద పూసే మందుగానో, కణాలు బయట పెంచి దిద్ది మళ్లీ నాటడంగానో. అట్లాంటివి ఎలుకల మీద చేసి చూస్తున్నారు. మనుషుల దాకా ఎప్పుడొస్తుందో చెప్పలేను. నీకు అందకపోవచ్చు. నీ తర్వాతి వాళ్లకు అందొచ్చు. మామూలు బట్టతల వాళ్లకు కూడా అందులోంచి దారి దొరకొచ్చు."

"అయితే బట్టతల మగోళ్లంతా నాకు దండం పెట్టుకోవాల," అంది స్తుతి. "మన దావీదురాజు తాతతో మొదలుపెడదాం."

ఇదే కల్లూరులో ఒక బోర్డు ఉంది. జన్యు చికిత్స, ఆరు నెలల్లో ఒత్తైన జుట్టు, గ్యారంటీ. దాన్ని నమ్మి కిందటేడు స్తుతిని తీసుకుపోయినవాణ్ని నేనే. తల మంట తప్ప ఏం మిగల్లేదు. జుట్టు రాదని చెప్పిన మొదటి డాక్టరు ఈ పిల్ల. అందుకే నమ్ముతున్నాను.

వంశం చెప్పమంది. ఏసేపు తండ్రి యాకోబు, యాకోబు తండ్రి అబ్రాహాము. ప్రేమమ్మ తల్లి కూడా ఆ అబ్రాహాము కూతురే. గడగడా చెప్పాను.

"అబ్రాహాముకు ముందు?"

"ముందు చీకటి," అన్నాను. మా ఇండ్లలో అంతే. బాప్తిస్మం తీసుకున్నవాడితో వంశం మొదలు. అంతకు ముందున్న పేర్లు నోట పలకరు, పిల్లలకు చెప్పరు.

"చీకట్లో ఎవరైనా తోబుట్టువులు ఉన్నారేమో గుర్తు చేసుకోండి. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం మేం సర్దుకుని పోతాం. ఈ పనికి ఇచ్చిన గడువు అంతవరకే. మళ్లీ వస్తామో లేదో."

ఎవరూ లేరని చెప్పాను.

ఫిబ్రవరి 14

ఎవరూ లేరు.

ఫిబ్రవరి 15

ప్రేమమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ అంది: "ఆళ్లగడ్డ అవతల ఓబులేసు బావోళ్లు లేరా? మీ తాతకు తమ్ముని మనవడే గదా."

"వాళ్లు మనవాళ్లు కాదు. కొండకు పోయేవాళ్లు."

"మీ తాత నీళ్లలో మునిగినప్పుడు పేరు మార్చుకున్యాడు. రక్తానికి గూడా బాప్తిస్మం ఇప్పిచ్చినాడా?"

ఈ ఇంట్లో ప్రసంగం నేనొక్కణ్నే చెబుతానని ఊరు అనుకుంటుంది.

ఓబులేసు గడప తొక్కి ఎన్నేళ్లయిందో. స్తుతి జుట్టు రాలిన ఏడు మా నాయన చనిపోయాడు. మట్టి వేయడానికి వచ్చి, సమాధి దగ్గర నలుగురిలో అన్నాడు: "అహోబిలం స్వామికి ఇయ్యాల్సిన పుట్టెంటికలు మీ తాత ఎగ్గొట్టి కిరస్తానంలో కలిసినాడు. స్వామి ఇప్పుడు ఈ బిడ్డ నెత్తిన వసూలు చేసుకున్యాడు." ఆ మాట విన్న చెవులు నావి. పోను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పాత విగ్గు. పాట బాగా పాడింది. లైవు పద్నాలుగు.

ఫిబ్రవరి 18, మంగళవారం

పోయి వచ్చాను. రాయాలి.

శనగ నూర్పిడి ప్రేమమ్మకు వదిలేసి తెల్లవారగానే ఆటో తీశాను. ఆటో వెనక 'నా తలను పైకెత్తేవాడు ఆయనే' అని రాయించి ఉంది. నంద్యాల దాటేసరికి ఆ అక్షరాలు నా వీపున గుచ్చుకోవడం మొదలైంది. అహోబిలం నరసింహస్వామి పల్లకిలో కొండ దిగి ఊరూరూ తిరిగే పార్వేట రోజులు. ఆ పల్లకి మొన్ననే ఓబులేసు ఊరు వచ్చి పోయిందట. పందిరి ఇంకా విప్పలేదు.

ఓబులేసు అరుగు మీద తాడు పేనుతున్నాడు. పక్కన ఇద్దరు ముసలివాళ్లు. నన్ను చూసి లేవలేదు.

"ఎవురప్పా అది, ఏసేపేనా? దారి తప్పినావా ఏంది?"

"ఒక మాట మాట్లాడాలని వస్తినన్నా."

"మాట్లాడు. మైకు తెచ్చినావా?"

ముసలివాళ్లు నవ్వారు. నేను ఎగతాళిని మింగి, డాక్టరమ్మ సంగతి చెప్పాను.

"మా రక్తం పోస్తే మీ పిల్లకు ఎంటికలు మొలుస్తాయా? మందు ఏందో నేను అప్పుడే చెప్తి. కొండకు పిల్చకపో. మొక్కు తీర్చు. స్వామికి ఇయ్యాల్సింది ఇయ్యి."

"ఇయ్యడానికి ఆ పిల్ల నెత్తిన ఏముందన్నా? స్వామికి బాకీ చీటీ రాసియ్యమంటావా?"

ఈసారి ముసలివాళ్లు నా వైపు నవ్వారు. ఓబులేసుకు మండింది.

"మా గిడ్డమ్మను చూసి నేర్చుకో. పుట్టినకాడ నుంచి ఒక్క ఏడు తప్పకుండా కొండకు పోయి తలనీలాలు ఇస్తాది. పెండ్లి గూడా వద్దనింది. పల్లకి ఊర్లోకొస్తే ఆడోళ్లంతా ముందు ఈయమ్మ కాళ్లకే నీళ్లు పోస్తారు. అదీ భక్తి!"

ఆయన చెల్లెలు గిడ్డమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. గుండు మీద పసుపు గుడ్డ, నుదుట నామం. చిన్నప్పటి నుంచి నేను ఎప్పుడు చూసినా గుండే. మా ఇంట్లో ఆమె పేరు వస్తే 'విగ్రహాలకు మొక్కి నెత్తి గొరిగించుకునే మనిషి' అని నేనే ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

చెంబు అందుకుంటూ ముఖం చూశాను. పొయ్యి దగ్గర నుంచి వచ్చింది, చెమట కారుతోంది. కుడి కనుబొమ్మ జారింది.

కాటుకతో గీసిన కనుబొమ్మ.

మంగలి కత్తి నెత్తి గొరుగుతుంది. కనుబొమ్మల జోలికి పోదు.

చేతులు చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక్క నూగు వెంట్రుక లేదు. నీళ్లు తాగాను. "చల్లగా ఉండాయమ్మా" అన్నాను. లేచాను. ఓబులేసు ఏదో అంటూనే ఉన్నాడు. వినలేదు.

ఆటో తిప్పుతుంటే చింతకాయల సంచీ పట్టుకుని ఆమే వచ్చింది.

"ప్రేమమ్మ వదినకియ్యి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా మొగంలో ఏం జూస్తివి?"

"ఏం లేదు."

"దేవుని మాటలు చెప్పేటోనివి, అబద్ధం గూడా సరిగ్గా చెప్పవు."

"మా స్తుతి పొద్దున్నే అద్దం ముందర పెన్సిలుతో గీసుకుంటాది," అన్నాను. "ఎండకు దానికీ కుడిదే ముందు జారుతాది."

ఆమె కొంగుతో కుడి కనుబొమ్మ తుడుచుకుంది. తర్వాత ఎడమది కూడా తనే తుడిచేసింది. నా కూతురు నడివయసులో ఎట్లా ఉంటుందో నాకు కనిపించింది.

"మూడు నెల్లకు రాలిపోయినాయంట. మాయమ్మ నాయనలదీ మేనరికమే. ఊరికి తెలిస్తే చెడ్డ పిల్ల అంటారని మాయమ్మ, 'కొండకు మొక్కినా, దీని జుట్టంతా స్వామిదే' అనేసింది. ఆ మాట మీదనే బతుకు ఎల్లిపోయింది. ఏటా పోతాం. మంగలాయన నీళ్లు తడిపి ఒట్టి కత్తి ఆడిస్తాడు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, స్వామికి తెలుసు. ముగ్గురం ఎవురికీ చెప్పలా."

"ఓబులేసన్నకు?"

"తెలీకేం. మీ బిడ్డను ఆ మాట అన్యాడని తెలిసి మాయమ్మ గురమ్మ వాని చెంప పగలగొట్టింది. వాడు ఆపలా. మీ ఇంటి మీద ఎంత అరిస్తే మా ఇల్లు అంత మరుగవుతాది గదా."

దిగి పోయి వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. ఆమె ఆటో కడ్డీ మీద చెయ్యి వేసి ఉంది. ఆగాను.

"కర్నూలుకు రా చెల్లీ. ఒక్క దినం. డాక్టరమ్మ ఎవరి పేరూ బయట పెట్టదు. నువ్వు గావాల. రెండో సాక్షివి నువ్వే."

"నీ బిడ్డ మీ చర్చిలో ఎట్ల నిలబడతాది? ఇట్లనేనా, ఒట్టి తలతో?"

"...విగ్గు."

"పెట్టుకుంటానని అదే అనిందా?"

నేను చింతకాయల సంచీ సీటు కింద సర్దాను.

"నన్ను మాయమ్మ మొక్కు కింద దాచిపెట్టింది. నువ్వు నీ బిడ్డను టోపీ కింద దాచిపెడితివి. ఇంగ మనం ఒకే వంశమని చెప్పనీకి డాక్టరు ఎందుకప్పా? పో. ఆ పిల్ల ఒట్టి తలతో మీ జనం ముందర పాడనీ, అప్పుడొస్తా నేను. అంతవరకు నన్ను అడగొద్దు."

ఫిబ్రవరి 19

చేతిలోకి వచ్చి పడింది! ఇన్నేళ్లుగా వాళ్లు మా మీద మోపిన శాపం అబద్ధమని రుజువు. ఏటేటా కొండకు పోయిన మనిషికే వెంట్రుక లేదు. మా తాత ఎగ్గొట్టినందుకైతే ఆమెకెందుకు పోయింది? ఆదివారం దీని మీద ప్రసంగం చెబితే లైవు పద్నాలుగు కాదు, పద్నాలుగు వేలు దాటుతుంది. పేరు కూడా కుదిరింది: ఇవ్వని తలనీలాలు. మూడు భాగాలు. మొదటి భాగం, మనుష్యుల కళ్ల ఎదుట భక్తి

లేదు.

చెప్పను. చెప్పనని ఇక్కడ రాస్తున్నాను. రాసుకోకపోతే చెప్పేస్తానని నాకు భయం. అది ఆమె సాక్ష్యం. చెబితే ఆమె నోరే చెప్పాలి. ఇంకొకరి మీది గుడ్డ లాగి గెలవడానికి నేను బైకు మీద పోయే వెధవనా?

ఫిబ్రవరి 20

నాలుక దురద. కొరుక్కున్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

స్తుతితో అన్నాను. ఆదివారం విగ్గు వద్దు.

"నేనడిగితే ఇన్నాళ్లు వద్దంటివి. ఇప్పుడెవరు చెప్పినారు నాయనా?"

"నీకు అత్త వరస. అంతకంటే అడగొద్దు."

అది నా ముఖంలోకి చూసింది. కనుబొమ్మలు గీసుకోని ముఖం.

"నిజం చెప్పు. నీకు సిగ్గుగా ఉండెనా?"

లేదన్నాను. వెంటనే. ప్రసంగం గొంతుతో. తర్వాత శనగ బస్తాలు కుడుతూ కుడుతూ, "ఉండె" అన్నాను. సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. అంతే.

ఫిబ్రవరి 22

పాత విగ్గును మిరపచేలో దిష్టిబొమ్మకు తొడిగి వచ్చింది. పిట్టలు రావడం లేదని వాళ్లమ్మ అంటోంది. బొమ్మ బాగుంది. దావీదురాజు చిన్న తమ్ముడిలా ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ పూట కోపం వచ్చింది. ఇంకా దిగలేదు.

తెల్లచీర కట్టుకుంది. తలమీద ఏమీ లేదు. ముసుగు కూడా వేసుకోలేదు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ తలమీద పడి, ముందు బెంచీలో చంటిబిడ్డ చెయ్యి చాపి నవ్వింది. స్తుతి గొంతు సవరించుకుని పాట ఎత్తబోతుంటే దావీదురాజు లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపమ్మా. ఇది దేవుని మందిరం. ఏసేపూ, మొన్ననే చెప్తి గదా నీకు."

లైవు తీసే అబ్బాయి ఫోను దించబోయాడు. "దించొద్దు, పట్టుకో" అన్నాను. ముందుకు పోయాను. నా పుస్తకం తెరవలేదు. నాకు చూడనక్కర్లేదు.

"పెద్దాయనా, మీరు ఆడబిడ్డ ఘనం గురించి ఒక వచనం చదివినారు. మంచిది. నేనొకటి చెప్తా. యాజకులకు మోషే ఇచ్చిన ధర్మంలో, ఏది మైల, ఏది కాదు అని దేవుడే విడదీసి చెప్పిన అధ్యాయంలో ఉండాది. తలవెంట్రుకలు రాలిపోయినవాడు బట్టతలవాడే, అయినా వాడు పవిత్రుడు! అయినా పవిత్రుడు! వెంట్రుక లేనందుకు గుడారం బయట నిలబడమని దేవుడు అనలా. మీరెవరు అనడానికి?"

"అది మగోళ్లకు రాసింది," అన్నాడు దావీదురాజు.

నేను నోరు తెరిచేలోపు ఆడవాళ్ల వైపు నుంచి ప్రేమమ్మ గొంతు. ఈ సంఘంలో ఇన్నేళ్లలో ఆమె లేచి మాట్లాడింది లేదు.

"మామా, మీ నెత్తిన గూడా లేవు గదా. మిమ్మల్ని పాట పాడొద్దని ఎవరన్నా అన్యారా? మీది ముసలితనంలో పోయింది, దానిది పసితనంలో పోయింది. ముందు వెనక అంతే తేడా."

ఒక ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత ఇంకొకామె. తర్వాత ఆడవాళ్ల వైపంతా. దావీదురాజు తన తల తడుముకున్నాడు, తెలియకుండానే. అది చూసి మగవాళ్లు కూడా నవ్వారు. ఆయన కోపంగా బయటికి పోయాడు. ఆయనతో నాలుగిళ్లవాళ్లు పోయారు. వచ్చే వారం నన్ను ప్రసంగానికి నిలబెట్టరు. అక్కడే ఒకాయన చెప్పేశాడు. మంచిది. నాకు ఆటో ఉంది.

స్తుతి పాడింది. మిగిలినవాళ్లు వంత పలికారు.

లైవు ముప్పై రెండు. అందులో ఒకటి ఆళ్లగడ్డ అవతల ఊరిదని నాకు గట్టి నమ్మకం.

ఫిబ్రవరి 24, సోమవారం, తెల్లవారుజామున రెండింటికి

ఫోను వచ్చింది. ఓబులేసు నంబరు. గొంతు గిడ్డమ్మది.

"అన్నా, చూస్తిని. రెండుసార్లు చూస్తిని. ఓబులేసన్న ఫోనులోనే. వాడు గూడా ఎనక నిలబడి చూసినాడు, ఏమన్లా. ఆ పిల్ల గొంతు మాయమ్మ గొంతే అప్పా."

"వస్తాండావా గిడ్డమ్మా?"

"తయారై అరుగు మీద కూర్చోనుండా. కాటుక పెట్టుకోలా. వీడు బండి తీయనంటాండాడు. ఊరు లేచి నా మొగం చూసేలోపు నువ్వు రావాల. బస్సులో నలుగురి మధ్య పోయేంత గుండె ఇంకా రాలా నాకు. ఈ పొద్దు దాటితే ఇంగ ఎప్పుడూ రాదు. నువ్వొస్తాండావా లేదా, అది చెప్పు."

వస్తున్నానన్నాను.

ఇది రాస్తూ ఎందుకు కూర్చున్నానో తెలియదు. తెలుసు. డాక్టరమ్మ నాకూ సూది పెడుతుంది. రక్తం ఇవ్వనివాణ్ని మా ఇంట్లో నేనొక్కణ్నే మిగిలాను. ఇంకో సంగతి. దారి పొడవునా గిడ్డమ్మ నా ఆటోలో, నా వెనక సీట్లో కూర్చుంటుంది. ఆమెను ఇన్నేళ్లు ఎగతాళి చేసిన నోటితో ఏం మాట్లాడాలో తోచడం లేదు. మాట్లాడొద్దు. ఈసారికి ఆటో నడుపు, చాలు.

బయట స్తుతి హారను కొడుతోంది. అత్త పక్కన తనే కూర్చుంటుందట. పెన్సిలు తీసుకోలేదు. ప్రేమమ్మ సద్దిమూట కట్టి సీటు మీద పెట్టింది.

సాయంత్రానికి వాళ్లు పెట్టెలు సర్దుకుని పోతారు. రేపు పోదాం అనడానికి రేపు లేదు. ఇదే అనుకూల సమయమని ఎంతమందిని తొందరపెట్టావు, ఎంతమందిని కాలవలో ముంచావు! నీ వంతు వచ్చేసరికి పెన్ను పట్టుకుని కూర్చుంటావా? ఆమె కాటుక లేని ముఖంతో అరుగు మీద ఉంది. ఊరు లేచేలోపు చేరాలి. డైరీ మూసెయ్యి ఏసేపూ. తాళంచెవి తీసుకో. లే. రేపు కాదు, ఎండ ఎక్కాక కాదు. ఇప్పుడే పో.